పిల్లల సంగీతం, గురువులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు కర్ణాటక గాత్రం చెబుతున్నాను. పాఠం అయిపోయి పిల్లలు చెప్పులు వేసుకునేలోపు గుమ్మం దగ్గర నిలబడి అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు ఇవి. నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగమే అవుతుంది కాబట్టి తీరిగ్గా కూర్చుని రాశాను. ముందే ఒక మాట. నేను చెప్పేదంతా ఒకే నమ్మకం చుట్టూ తిరుగుతుంది: ఎదిగే పిల్లకు మొట్టమొదట కావలసింది తన పాటను శ్రద్ధగా వినే మనిషి. పాడి చూపించేవాళ్లు ఈ రోజుల్లో ఫోన్లో కూడా దొరుకుతారు. వినేవాళ్లే దొరకరు.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య చాలామంది పిల్లలకు కుదురుతుంది. వయసు కంటే నేను చూసేది వేరే ఉంది. తంబురా మోగుతుంటే కళ్లు మూసుకుని 'స' అని అందుకోగలదా? పది నిమిషాలు ఒక చోట కూర్చోగలదా? చేత్తో తాళం వేస్తూ నోటితో లెక్కపెట్టగలదా? ఈ మూడింటిలో రెండు ఉంటే చేర్చుకుంటాను. లేకపోతే ఆరు నెలలు ఆగి రమ్మంటాను. ఆగినందువల్ల నష్టపోయిన పిల్లను నేను ఇంతవరకూ చూడలేదు. తొందరపెట్టినందువల్ల పాటంటేనే మొహం తిప్పుకున్నవాళ్లను చూశాను.

"బాలమురళి గారు ఎనిమిదేళ్లకే కచేరీ చేశారు కదండీ" అంటారు. చేశారు. విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో చేశారు. ఆయన తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీతం చెప్పుకుని బతికిన మనిషి, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. పసివాడిగా ఉండగానే తల్లి పోయింది. అయినా ఆ ఇంట్లో పాట ఆగలేదు. ఎనిమిదేళ్ల కచేరీ వెనక ఎనిమిదేళ్ల వినికిడి ఉంది. అది లేకుండా వయసు ఒక్కదాన్నే కొలతగా పట్టుకుంటే పిల్లకు అన్యాయం చేసినట్టే.

మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. మా పాపకు వస్తుందా?

వస్తుంది. ఇంట్లో వాళ్లు పాడాల్సిన పని లేదు, వినిపిస్తే చాలు. పొద్దున్న రేడియోలో భక్తిరంజని వస్తే కట్టేయకండి. ఒక కృతిని ఎంచుకుని వారం రోజులు అదే పెట్టండి. రోజుకో కొత్త పాట కంటే ఒకే పాట ఏడు రోజులు వినడంలో లాభం ఎక్కువ. మూడో రోజుకు పిల్ల సంగతుల్ని (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల్ని) ముందే ఊహించడం మొదలుపెడుతుంది.

మొదటి గురువును ఎలా వెతుక్కోవాలి?

నన్ను అడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎందుకంటే ఎక్కువమంది పేరు చూసి వెతుకుతారు. పెద్ద కచేరీలు చేసే విద్వాంసుల దగ్గర సరళీ స్వరాలు (మొట్టమొదటి పాఠాలు) మొదలుపెట్టాలని చూస్తారు. కచేరీ విద్య వేరు, ఆరేళ్ల పిల్లకు 'రి' ఎక్కడుందో చూపించే విద్య వేరు. రెండూ ఉన్నవాళ్లు ఉంటారు. ఉండి తీరాలని లేదు.

వెళ్లి ఒక పాఠం జరుగుతుండగా కూర్చోండి. ఆ గంటలో గురువు ఎంతసేపు పాడారు, పిల్లలు ఎంతసేపు పాడారు, గురువు ఎంతసేపు మౌనంగా విన్నారు అన్నది గమనించండి. పదిమంది పిల్లలు కలిసి పాడుతుంటే, అందులో ఒకరి గాంధారం ('గ' స్వరం) తగ్గిందని ఆయన చెవికి తగిలిందా? తగిలితే ఎలా చెప్పారు? "తప్పు, మళ్లీ" అని ఊరుకున్నారా, లేక తంబురా దగ్గరకు పిలిచి ఆ స్వరాన్ని నిలబెట్టించారా? రెండోది చేసేవాళ్లు మీ వీధిలోనే ఉంటే, దూరంలో ఉన్న పెద్ద పేరు కోసం పోకండి.

ఇంకో గుర్తు చెబుతాను. వాళ్ల దగ్గర నాలుగైదేళ్లు నేర్చుకున్న పిల్లను ఏదైనా పాడమనండి. వేగంగా పాడిందా, పెద్ద కృతి పాడిందా అని చూడొద్దు. పాట ముగించి 'స' మీద ఆగినప్పుడు ఆ 'స' తంబురాలో కలిసిపోయిందా లేదా అన్నదే చూడండి. కలిసిందంటే అక్కడ శ్రుతి మీద పని జరుగుతోందని అర్థం.

మాయామాళవగౌళలో ఆ సరిగమలే ఎన్నాళ్లు? మా బాబు విసుక్కుంటున్నాడు.

విసుగు నిజమే, అర్థం చేసుకోగలను. కానీ ఈ మెట్లను కట్టినవాళ్లు ఆలోచించి కట్టారు. ఈ అభ్యాస క్రమాన్ని ఏర్పరిచింది పురందరదాసు అని మన సంప్రదాయం చెబుతుంది. మాయామాళవగౌళ అనే రాగం 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 15వది. అందులో స నుంచి మ వరకు స్వరాల మధ్య ఎడం ఎలా ఉంటుందో, ప నుంచి పై స వరకు అచ్చం అలాగే ఉంటుంది. కింది సగం పట్టుబడితే పై సగానికి అదే అచ్చు. పైగా స-రి దగ్గర దగ్గరగా, రి-గ బాగా దూరంగా, గ-మ మళ్లీ దగ్గరగా ఉంటాయి. ఇంత తేడా ఉంటే పసి చెవికి ఒక స్వరం ఇంకోదానితో కలగాపులగం కాదు.

ఆ తర్వాత కాలాలు. ఆదితాళంలో ఒకటో కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి వేగం మారకూడదు, నోరే మారాలి. పెద్దవాళ్లకు కూడా మొదట్లో చెయ్యి నోటి వెంట పరుగెడుతుంది. దాన్ని ఆపగలిగిన రోజున పిల్లకు లయ అంటే ఏమిటో మొదటిసారి తెలుస్తుంది. జంట స్వరాల్లో రెండో స్వరాన్ని కాస్త నొక్కి పలకడం నేర్పుతాం. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలకడానికి, బీజం అక్కడే పడుతుంది. ఏడు అలంకారాలు ఏడు తాళాలను చేతికి అలవాటు చేస్తాయి. వాటికే జాతి భేదాలు కలిపితే 35 తాళాలు.

సాధారణంగా గీతాలు మొదలవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. మలహరి గీతం వచ్చిన రోజు పిల్లల మొహం చూడాలి. తొలిసారి సాహిత్యం నోట్లోకి వస్తుంది. ఆ తర్వాత స్వరజతి, వర్ణం, కృతి. మీ బాబుకు విసుగు పోవాలంటే మెట్లు దాటించకండి. ఉన్న మెట్టు మీదే కొత్త పని ఇవ్వమని గురువు గారిని అడగండి. అవే సరళీ స్వరాలు అకారంలో ('ఆ' అంటూ), తాళం లేకుండా తంబురాతో, కళ్లు మూసుకుని, ఒక వరుస గురువు ఒక వరుస శిష్యుడు పంచుకుని. నేను కల్యాణిలో కూడా పాడిస్తాను. ఒక్కసారిగా గది మారినట్టు పిల్లలు ఆశ్చర్యపోతారు.

రోజుకు ఎంతసేపు సాధన చేయాలి?

మొదటి ఏడాది ఇరవై నిమిషాలు, రోజూ. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా వారమంతా వదిలేయడం కంటే ఇది వంద రెట్లు మేలు. వర్ణాలకు వచ్చాక గంట. అంతకు మించి ఎంత చేయాలో అప్పటికి పిల్లకే తెలుస్తుంది.

పొద్దున్నే మంద్ర (కింది) స్థాయిలో, నెమ్మదిగా అకారం. శ్రుతి మీ సౌకర్యానికో రికార్డులో ఉన్నదానికో పెట్టకండి. పిల్ల మంద్ర పంచమం, తార (పై) స్థాయి గాంధారం రెండూ అరవకుండా అందుకునే చోట పెట్టండి. సాధారణంగా పిల్లలకు ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర కుదురుతుంది (అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు). గురువు గారిది ఒకటిన్నర శ్రుతి అయితే పాఠం చెప్పేటప్పుడు ఆయన సర్దుకోవాలి. పిల్ల గొంతును ఆయన శ్రుతికి లాగకూడదు.

గాత్రం రాకుండా నేరుగా వాద్యం నేర్పించవచ్చా? మా ఊళ్లో ఆ వాద్యం తెలిసిన గురువే లేరు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు పాలకొల్లు గుర్తొస్తుంది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతికి తీసుకున్నప్పుడు ఆరేళ్లవాడు. తండ్రి క్లారినెట్ వాయించేవారు. కర్ణాటక సంగీతానికి మాండలిన్ అప్పటికి కొత్త, నడిచిన దారి లేదు. ఆ పిల్లవాడికి పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుకని పాడేవారు. పాడింది విని పిల్లవాడు తీగల మీద వెతుక్కుని వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ జరిగింది.

ఆ పాఠాన్ని ఒకసారి ఊహించుకోండి. వేలు ఎక్కడ పెట్టాలో గురువు చెప్పలేరు. స్వరం సరిగ్గా పలికిందో లేదో మాత్రం చెప్పగలరు. గొంతులోని గమకం తీగ మీదకు వచ్చిందా లేదా అని వినగలరు. ఎలా రప్పించాలో పిల్లవాడే కనుక్కోవాలి. వాద్యం తెలిసిన గురువు ఉంటే వేళ్ల అలవాట్లు తొందరగా వచ్చి ఉండేవేమో. కానీ ఆ మాండలిన్ పాడినట్టు వినిపించడానికి కారణం అది గొంతు నుంచి నేర్చుకోవడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి జవాబు: వాద్యం నేర్పించండి, కానీ పక్కనే గాత్రం ఉండాలి. వీణ, వయొలిన్, వేణువు, ఏదైనా సరే, నోటితో పాడలేనిది వేలితో వాయించకూడదన్న నియమం పెట్టుకుంటే మంచిది. ఇక విల్లు పట్టుకోవడం, వీణ మీట్లు, వేణువు ఊదే తీరు, మృదంగం మీద చెయ్యి లాంటివి మాత్రం ఆ వాద్యం తెలిసినవాళ్లే చూపించాలి. నెలకోసారైనా అలాంటి వాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. మణికట్టు తప్పుగా అలవాటు పడితే దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పాఠం రికార్డు చేసుకోవచ్చా? నోటుపుస్తకం చాలదా?

అనుమతి అడిగి చేసుకోండి. నోటుపుస్తకం కావాలి, కానీ అదొక్కటే చాలదు. తోడిలో గాంధారాన్ని పుస్తకంలో 'గ' అని రాస్తాం. పాడేటప్పుడు ఆ గ ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపు ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది అక్షరానికి అందదు. అందుకే పాఠాంతరం (గురువు నోటి నుంచి విని నేర్చుకున్న పాట తీరు) అన్న మాటకు మనవాళ్లు అంత విలువ ఇచ్చారు.

అలాగని రాత వృథా అనను. డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు పెద్దల సంగీతాన్ని వినీ వినీ, గమకాలతో సహా కాగితం మీదకు తెచ్చిన మనిషి. ఆయన రాసినవి ముందు పెట్టుకుని ఇవాళ పాడుతున్నామంటే, ఆ రాత వెనక అంతటి చెవి ఉండబట్టే. పిల్లలకు నేను పెట్టే పద్ధతి ఇది: మొదట నాలుగుసార్లు వినాలి, తర్వాత పాడాలి, నోటికి వచ్చాకే రాసుకోవాలి. పుస్తకం చూస్తూ పాడే పిల్ల నా మొహం చూడదు. నా మొహం చూడకపోతే తప్పు ఎక్కడ జరిగిందో దానికి తెలియదు.

గురువు గారు బాగా కోప్పడతారు. అది మామూలేనా?

గురువు గట్టిగా ఉండొచ్చు. ఒకే పంక్తిని నలభైసార్లు పాడించొచ్చు, సాధన చేయకుండా వచ్చిన రోజు పాఠం చెప్పను పొమ్మనొచ్చు. కొట్టడం, అందరి ముందూ గొంతును వెక్కిరించడం, రూపాన్నో కులాన్నో ఇంటి పరిస్థితినో ఎత్తిచూపడం మాత్రం శిక్షణ కాదు. "పాతకాలంలో అలాగే నేర్పేవారు" అన్న మాటకు నేను ఒప్పుకోను. నేను ఒకచోట అలా నేర్చుకున్నాను. పదమూడేళ్లప్పుడు ఒకరు నా గొంతును ఏదో జంతువుతో పోల్చి నవ్వారు. తర్వాత రెండేళ్లు తార స్థాయి షడ్జం దగ్గరకు వెళ్లేసరికి నా గొంతు దానంతటదే బిగుసుకుపోయేది. దాన్ని వదిలించడానికి తర్వాత వచ్చిన గురువు ఎంత ఓపిక పట్టారో నాకు తెలుసు.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెబుతాను. పాఠం జరిగే గది తలుపు తీసి ఉండాలి. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చి కూర్చున్నా అభ్యంతరం ఉండకూడదు. పిల్ల ఉన్నట్టుండి "నేను వెళ్లను" అంటే ముందు నమ్మండి, కారణం తర్వాత అడగండి. గురుభక్తి పేరుతో ఈ విషయంలో కళ్లు మూసుకోవద్దు.

ఆన్‌లైన్ పాఠాలు పనికొస్తాయా?

దూరంలో ఉన్నవాళ్లకు అదే దారి. ఒక లోటు మాత్రం తెలుసుకుని చేరండి. అవతలి గొంతు ఇవతలకు రావడానికి కాస్త ఆలస్యం అవుతుంది కనుక ఇద్దరూ కలిసి పాడలేరు, కలిసి తాళం వేయలేరు. శిష్యురాలి గొంతు గురువు గొంతులో కలిసిపోయే ఆ అనుభవం తెర మీద రాదు. అందువల్ల తంబురా పిల్ల దగ్గరే మోగాలి. యాప్ అయినా ఫర్వాలేదు, శ్రుతిపెట్టె అయినా ఫర్వాలేదు. మైకు మీద 'శబ్దం తగ్గించు' లాంటి అమరికలు ఆపేయండి, అవి తంబురాను అడ్డనుకుని తీసేస్తాయి, సన్నని గమకాలను మింగేస్తాయి. సెలవుల్లో వారమో పది రోజులో వెళ్లి గురువు ఎదురుగా కూర్చుంటే ఏడాది పాఠాలకు ప్రాణం వస్తుంది.

ఒక గురువు దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? వెళ్తే ద్రోహం అవుతుందా?

అవదు. మన సంగీత చరిత్రంతా చేతులు మారిన పిల్లలతోనే నిండి ఉంది. తనకు వచ్చింది నేర్పిన మొదటి గురువు, ఇక్కడితో నా పని అయిందని గుర్తించి మరొకరి దగ్గరకు పంపడం ఆ చరిత్రలో అందమైన భాగం.

బాలమురళి గారి తండ్రి పట్టాభిరామయ్య గారు స్వయంగా విద్వాంసులు. కొడుకును తన దగ్గరే ఉంచుకోవచ్చు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి అప్పగించారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, వారి గురువు త్యాగరాజస్వామి. అంటే ఆ పిల్లవాడు ఒక్క గడప దాటి త్యాగరాజు ఇంటి వరుసలోకి నడిచాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వయొలిన్ చేతికిచ్చింది అన్నగారు వెంకటకృష్ణయ్య. ఆ పునాది ఎలాంటిదంటే, 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి సారథ్యంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు, పాతికేళ్లు దాటిన ద్వారం వారు అక్కడ వయొలిన్ చెప్పే ఆచార్యులయ్యారు.

షేక్ చినమౌలానా గారి కథ నాకు ఇంకా ఇష్టం. ప్రకాశం జిల్లా కరవది గ్రామం, తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు. తండ్రి దగ్గర విద్య ఉంది, పేరు వచ్చింది. అయినా తంజావూరు బాణీ మీద మనసు పడి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. వచ్చిన విద్యను పక్కన పెట్టి కింద కూర్చోవడానికి ఎంత గుండె కావాలి! చివరకు శ్రీరంగంలో స్థిరపడి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

మరి ఎప్పుడు వెళ్లాలి? పిల్ల పాడేదాంట్లో గురువుకు దిద్దడానికి ఏమీ కనిపించనప్పుడు. పాఠాల సంఖ్య పెరుగుతూ, పాడిన కృతులు మాత్రం ఒక్క రంగులోనే ఉండిపోయినప్పుడు. రాగాలాపన, నెరవు, కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడేవి) మొదలుపెట్టాల్సిన దశ వచ్చి, అవి తమకు అలవాటు లేవని గురువు చెప్పినప్పుడు. పక్కింటి పిల్ల ముందుకెళ్లిపోయిందన్నది కారణం కాదు. ఒక పోటీలో బహుమతి రాలేదన్నది అసలే కాదు.

వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి. ఫోన్ చేసి "రేపటి నుంచి రాదండి" అనొద్దు. పిల్లను తీసుకెళ్లి, పండో పువ్వో చేతిలో పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టించి, ఎవరి దగ్గరకు వెళితే బాగుంటుందో వారినే అడగండి. మా మొదటి టీచర్ అలా అడిగించుకోలేదు, తానే ముందు అడిగింది. నాకు పద్నాలుగేళ్లు. ఒక సాయంత్రం మా అమ్మతో "దీనికి నా దగ్గర ఇంక లేదమ్మా" అని చెప్పి, బస్సెక్కించి, తన గురువు ఇంటికి తానే తీసుకెళ్లింది. అక్కడ ఆయన నన్ను పాడమన్నప్పుడు గోడకు ఆనుకుని నిలబడి ఆమె తాళం వేస్తూనే ఉంది. ఇరవై ఏళ్లలో నేను నలుగురు పిల్లల్ని అలా తీసుకెళ్లాను. ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

ఒకేసారి ఇద్దరి దగ్గర నేర్చుకోవచ్చా?

వర్ణాలు పూర్తయ్యేదాకా వద్దు. ఒకే కృతికి ఇద్దరు రెండు పాఠాంతరాలు చెబితే పసిపిల్ల ఎవరిది ఒప్పో తేల్చుకోలేక రెండూ వదిలేస్తుంది. పెద్దయ్యాక ఒకరిని ప్రధానంగా పెట్టుకుని, ఇంకొకరి దగ్గర లయ కోసమో, పల్లవి కోసమో, పదాలు జావళీల కోసమో వెళ్లడం మంచిదే. ఇద్దరికీ తెలిసి జరగాలి.

ఒక ఆచారం గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతాను. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి నేరుగా చెబితే ఇద్దరి మధ్య ఎడం వస్తుందని ఒక నమ్మకం. అందుకని చాలామంది దాన్ని విని నేర్చుకుంటారు. మా గురువు గారు కూడా వరాళి పంచరత్నం నాకు పాఠంగా చెప్పలేదు, పక్క గదిలో తాను పాడుకుంటూ నన్ను విననిచ్చారు. పాఠం కంటే అదే నాకు బాగా పట్టుబడింది.

పోటీలకు, టీవీ కార్యక్రమాలకు పంపాలా?

ఏడాదికి ఒకటో రెండో పంపండి. సభ భయం పోతుంది, తోటి పిల్లల్ని వింటారు. కానీ మూడు నెలల పాటు ఒకే పాటను మెరుగుపెడుతూ కూర్చుంటే మిగతా పాఠం ఆగిపోతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. న్యాయనిర్ణేతలు చెప్పింది గురువు గారికి కూడా చెప్పండి. పనికొచ్చేది ఆయన ఏరి ఇస్తారు.

తొలి కచేరీ ఎప్పుడు?

గంటసేపు శ్రుతి జారకుండా, పక్కవాద్యాలు వింటూ పాడగలిగినప్పుడు. పక్కవాద్యాలు వింటూ అన్నది అసలు పరీక్ష. చాలామంది పిల్లలు వయొలిన్ వాయిస్తుంటే నీళ్లు తాగుతారు, సర్దుకుంటారు, అమ్మ వైపు చూస్తారు. అక్కడ వినడం నేర్పాలి. కచేరీకి ముందు ఏడాది పాటు గురువు వెనక తంబురా పట్టుకుని కూర్చోబెట్టడం, ఒకటి రెండు పంక్తులు అందుకోనివ్వడం పాత పద్ధతి. ఇప్పటికీ దానికి మించినది లేదు. వేదిక మీద గురువు తడబడి సర్దుకునే క్షణం కూడా అక్కడి నుంచే కనిపిస్తుంది.

మా అబ్బాయికి గొంతు మారుతోంది. పాట ఆపేయాలా?

ఆపొద్దు, తగ్గించండి. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య మగపిల్లల గొంతు కొన్ని నెలల్లోనే బాగా కిందికి దిగుతుంది. నిన్నటి దాకా ఐదున్నరలో పాడినవాడు ఇవాళ ఏ శ్రుతిలో పాడాలో తెలియక సిగ్గుపడతాడు. స్వరం మధ్యలో విరుగుతుంది. బలవంతంగా పాత శ్రుతిలోనే అరిపిస్తే గొంతు దెబ్బతింటుంది. ఆడపిల్లల్లో కూడా మార్పు ఉంటుంది కానీ ఇంత తెలియదు, కొన్నాళ్లు గాలి కలిసినట్టు ఉంటుంది.

ఆ నెలల్లో నేను చేయించేది: హాయిగా అందే నాలుగైదు స్వరాల్లోనే మంద్రంగా అకారం, పదిహేను నిమిషాలకు మించకుండా. మిగతా సమయం తాళం, సాహిత్యం అర్థం, స్వరాలు విని గుర్తుపట్టడం, రికార్డింగులు వినడం. కొందరికి అదే సమయంలో వయొలినో మృదంగమో మొదలుపెట్టిస్తాను, చేతికి పని దొరుకుతుంది. శ్రుతిని వారం వారం కొద్దికొద్దిగా దించి చూస్తుండాలి. చివరకు ఒకటికో ఒకటిన్నరకో వచ్చి ఆగుతుంది. బొంగురు రెండు మూడు వారాలు దాటి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వకండి. ఆ ఆరు నెలల్లో నవ్వినందుకే పాట మానేసిన మగపిల్లలు నాకు చాలామంది తెలుసు.

సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు ఏమున్నాయి?

విజయనగరం మహారాజా కళాశాల, విజయవాడ ఘంటసాల కళాశాల, తిరుపతి శ్రీ వేంకటేశ్వర కళాశాల, హైదరాబాద్ రాంకోఠీలోని త్యాగరాజ కళాశాల లాంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న సీసీఆర్‌టీ ప్రతిభా స్కాలర్‌షిప్ ఇస్తుంది. పెద్దయ్యాక ఆకాశవాణి ఆడిషన్‌లో బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులు. పరీక్ష కోసం చదివిన శాస్త్రం తర్వాత పనికొస్తుంది, కాబట్టి రాయించండి.

ఫీజు కట్టలేని పరిస్థితి. గురువును అడగడానికి సిగ్గుగా ఉంది.

అడగండి. నిజంగా అడగండి. ఘంటసాల గారు విజయనగరంలో మధూకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకుని తిని సంగీతం నేర్చుకున్నారు. ఏ ఆధారమూ లేని ఆ కుర్రవాణ్ణి పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. తెలుగువాళ్లం తరాలుగా వింటున్న ఆ గొంతుకు ఆయన పెట్టిన భిక్ష ఉంది. పాఠం చెప్పే చాలామందికి ఈ కథ తెలుసు. తెలిసినవాళ్లు మిమ్మల్ని తిరిగి పంపరు.

పదో తరగతి, ఇంటర్ వచ్చాయి. రెండేళ్లు మానిపించమంటున్నారు.

పినాకపాణి గారు వైద్యులు. మెడికల్ కాలేజీలో చదివారు, పాఠాలు చెప్పారు, రోగుల్ని చూశారు, ఆ మధ్యలోనే నేదునూరి కృష్ణమూర్తి గారినీ, ఓలేటి వెంకటేశ్వర్లు గారినీ, నూకల చినసత్యనారాయణ గారినీ తీర్చిదిద్దారు. మీ పిల్ల రోజుకు పదిహేను నిమిషాలు తంబురా ముందు కూర్చుంటే ఏ ర్యాంకూ పోదు. కొత్త పాఠాలు ఆపండి, సాధన ఆపకండి. పూర్తిగా మానిన గొంతు తిరిగి దారికి రావడానికి, మానిన దానికంటే ఎక్కువ కాలం పడుతుంది.

మా పాప అచ్చం గురువు గారిలాగే పాడుతోందంటున్నారు. సొంత బాణీ ఎప్పుడొస్తుంది?

ఇప్పుడే రానక్కర్లేదు. మొదటి పదేళ్లు అనుకరణే. గురువు ఊపిరి తీసుకునే చోటే పిల్ల కూడా తీసుకుంటుంది, అది మంచి లక్షణం. రెండో మూడో గురువు కలిసినప్పుడు, కచేరీలు విన్నప్పుడు, ఈ గొంతు ఆ గొంతు కలిసి మధ్యలో తనది మెల్లగా తేలుతుంది. అనుకరణ ఎక్కడ ఆగాలో కల్పన స్వరాల్లో తెలుస్తుంది. గురువు చెప్పిన అల్లికలే పాడుతూ ఒకరోజు పిల్ల ఎక్కడో కొత్తగా మలుపు తిప్పుతుంది. బెదురుగా మీ వైపు చూస్తుంది. ఆ చూపు పడ్డప్పుడు గురువు మొహంలో ఏం కనిపిస్తుందన్నది చాలా నిర్ణయిస్తుంది. బాలమురళి గారు పదిహేనేళ్లు దాటేలోపు 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారంటే, కట్టనిచ్చిన పెద్దలు చుట్టూ ఉన్నారని అర్థం.

గురువు గారు పెద్దవారైపోయారు. పాడలేకపోతున్నారు. ఇంక పాఠానికి పంపడం ఎందుకు?

పంపండి. వారానికి ఒక్కసారైనా పంపండి. కొత్త కృతులు వాళ్ల పెద్ద శిష్యుల దగ్గర నేర్చుకోవచ్చు. నేర్చుకున్నది ఆయనకు పాడి వినిపించమనండి.

మా గురువు గారికి చివరి ఏడాదిన్నర మాట సరిగ్గా రాలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవారు. నేను కింద చాప మీద కూర్చుని పాడేదాన్ని. తాళం దుప్పటి మీద వేళ్లతో వేసేవారు. వేళ్లు ఆగాయంటే నేను కాలం తప్పానని. చూపుడు వేలు పైకి లేచిందంటే నిషాదం ('ని' స్వరం) తగ్గిందని. ఒకరోజు కాంభోజి ఆలాపన చేస్తుంటే వేలు లేవలేదు, చెయ్యి కదల్లేదు, నిద్రపోయారనుకుని ఆపేశాను. గోడ వైపు నుంచే చెయ్యి ఊపారు, కానీయమని.